కదిలితే పనోరమా పాడవుతుంది

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. మూడేళ్ళ మా బుడ్డోడు నా చెయ్యి విడిపించుకుని, ఎక్కడో ఎత్తు మీంచి జారిపోతాడని. నిద్రలో కూడా వాడి కాలు పట్టుకునే పడుకుంటాను.

నాలాంటి పిరికివాళ్ళను బాగుచేయడానికే పనోరమా ఫోటో పుట్టిందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. నవ్వకండి!

మొన్న మా ఆయన మమ్మల్నో జలపాతానికి తీసుకెళ్ళారు. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన లావా గడ్డకట్టి నల్లరాయైతే, దాన్ని నీళ్ళు కోసుకుంటూపోయి లోయ చేశాయట. ఆ రాతిగోడ పెన్సిళ్ళు కట్టగట్టి నిలబెట్టినట్టుంది. ఆ నీళ్ళు ఎంతెత్తు నుంచి దూకుతున్నాయో చూద్దామని వెనక్కి తిరిగాను.

"ఇటు తిరుగు! ఫోటోలో నీ వీపు పడుతుంది" అన్నారాయన.

నిజమే కదా! జలపాతాన్ని కళ్ళతో చూడటమంత మోటు పని ఇంకోటుందా? కళ్ళు చూసినదాన్ని చుట్టాల గ్రూపులో పెట్టగలమా?

ఈ విద్య తెలియని అజ్ఞానుల కోసం చెబుతాను. ఎనిమిదో తరగతిలో చదువాగిపోయిన నాకే అర్థమైందంటే మీకెంత! ఫోను నిలువుగా పట్టుకుని, తెర మీది బాణం గీత తప్పకుండా, ఎడమ నుంచి కుడికి మెల్లగా తిరిగితే, అంతా ఒకే పొడుగాటి ఫోటోలో పడుతుంది. కుటుంబమంతా రెయిలింగు ముందు బారుగా నిలబడి బిగుసుకుపోవాలి. బాణం కాస్త జారిందా, మళ్ళీ మొదటికి!

దీనివల్ల ఎన్ని లాభాలు! తిన్నగా ఉన్న లోయ అరటిపండులా వంగిపోయింది. అగ్నిపర్వతానికి చేతకానిది మా ఆయన బొటనవేలికి చేతనైంది. నాకు వంక పెట్టకుండా క్షణం ఉండలేని మా అత్తగారు నోరు మూసుకుని నిలబడ్డారు. మధ్యలో తుమ్మినందుకు ఆవిడకు మూడో చెయ్యి కూడా మొలిచింది. చుట్టూ ఎంతమంది మగాళ్ళు గానుగెద్దుల్లా తిరుగుతున్నారో!

అత్తగారు ఎడమ చివర, ఆవిడ పక్కన బుడ్డోడు, నేను మధ్యలో. అలా నాలుగోసారో అయిదోసారో నిలబడినప్పుడు, "బుడ్డోడేడండీ?" అన్నాను పెదవి కదపకుండా.

"కదలకు! సగం అయింది."

"ఊరికే కంగారుపడతావేంటమ్మాయ్? వాడు నా పక్కనే ఉన్నాడుగా!" అన్నారు అత్తగారు, పక్కకు చూడకుండానే. చూస్తే ఫోటో పాడవుతుందాయె!

నేను కదిలాను. తల తిప్పాను. పరిగెత్తాను. రెయిలింగు కింద నుంచి దూరి తడిరాతి మీద నిలబడ్డ వాడి చొక్కా కాలరు నా చేతికి దొరికింది. కింద నురగ తప్ప ఏమీ కనబడలేదు.

వాడిని చంకనేసుకుని వచ్చేసరికి అత్తగారూ, మా ఆయనా ఫోటో చూసి మురిసిపోతున్నారు.

"అరె, ఇద్దరు బుడ్డోళ్ళు పడ్డారే!" అన్నారు అత్తగారు.

నిజంగానే పడ్డారు. ఎడమ చివర నాయనమ్మ పక్కన ఒకడు. ఫోను అటు తిరిగేలోపే పరిగెత్తి చేరినట్టున్నాడు, కుడి చివర, రెయిలింగు అవతల, రాతి మీద ఇంకొకడు. మధ్యలో సాగిపోయిన రంగు మరక నేను.

"నువ్వు పరిగెత్తబట్టి గానీ, లేకపోతే ఫ్రేము కట్టించేవాణ్ణి" అన్నారాయన.

అంటే వాడు ఆ రాతి మీద ఉండగానే, ఈయనగారి తెర మీదికి వచ్చాడు. బాణం మాత్రం గీత తప్పలేదు. ఎంత నిలకడైన చెయ్యండీ!

ఈ సెలవుల్లో మీరు ఏ జలపాతానికి వెళ్ళినా, ఫోను పట్టుకుని మెల్లగా తిరుగుతున్న తండ్రి ఒకడు కనబడతాడు. ఆయన్ని పలకరించకండి, విసుక్కుంటాడు. ఆయన బిడ్డ రెయిలింగుకు ఇవతలే ఉందో లేదో, ఒక్కసారి మీరు చూడండి.