ఆపకూడని ఇరవై నిమిషాలు

గుర్స్కీల ఇంట్లో గిన్నెలు కడిగే మిషన్లో ఏదో జంతువు తలకాయ ఉడుకుతోందని పక్కింటి ఓపల్ డంబ్రోస్కీ చెప్పిందట. ఓపల్ నిజానికి అంత మాట అనలేదు. "నల్లగా, బరువుగా ఉన్నదాన్నేదో వెర్న్ రెండు చేతుల్తో మోసుకెళ్లి మిషన్లో పెట్టాడు, కిటికీలోంచి చూశా" అని మాత్రమే చర్చిలో కాఫీ తాగుతూ అంది. తలకాయ తగిలించింది ఉత్తరాలు పంచే ఆవిడ. ఉడకబెట్టింది జుట్టు కత్తిరించే దుకాణంలో వాళ్లు. వెర్న్ పెళ్లాం లోరెట్టా చెవిన పడేసరికి దానికి కొమ్ములు కూడా మొలిచాయి.

లోరెట్టా గబగబా ఇంటికొచ్చి మిషను తలుపు తీసింది. పై అరలో కాఫీ కప్పులు. కింది అరలో ఇంజను మీద ఉండే వాల్వు మూతలు రెండు, నిమ్మకాయ వాసన కొడుతూ నిగనిగలాడుతున్నాయి.

"వెర్న్, ఏంటివి?"

"చూడు, ఎంత శుభ్రంగా వచ్చాయో!"

"అవి శుభ్రంగానే ఉన్నాయి. కప్పులే ఇంజనులా ఉన్నాయి."

"కప్పులదేముంది, కడిగితే పోతుంది."

"దేంట్లో కడగమంటావు?"

వెర్న్ మూతలు చంకన పెట్టుకుని గ్యారేజీలోకి జారుకున్నాడు.

ఆ గ్యారేజీలో ఉన్న బండి లోరెట్టాది. అరవై ఎనిమిదో సంవత్సరపు పాంటియాక్ కారు, ముదురాకుపచ్చ రంగు. ఇరవయ్యేళ్ల వయసులో, కార్ల సీట్లు కుట్టే షెడ్డులో మూడేళ్లు వేళ్లు పొడుచుకుని ఆమె కొనుక్కున్న బండి. వెర్న్ ఆమె బతుకులోకి మరుసటి ఏడాది వచ్చాడు. బండిని చూసే పిల్లను చేసుకున్నాడని ఊళ్లో అంటారు. వెర్న్ కాదనడు. "పిల్ల కూడా బాగానే ఉండేది" అంటాడు.

నలభై నాలుగేళ్ల కాపురంలో ఆ స్టీరింగు అతని చేతికి దక్కింది పదకొండుసార్లు. అందులో రెండు లోరెట్టాకు నొప్పులొచ్చి ఆసుపత్రికి వెళ్లినప్పటివి. రెండోసారి అతను నడిపే తీరు నచ్చక సగం దారిలో స్టీరింగు తనే తీసుకుంది.

ఇప్పుడు ఇంజను ముసలిదై నీలం పొగ కక్కుతోంది. ఆగస్టులో పెద్ద రోడ్డు మీద పాతబండ్ల ఊరేగింపు ఉంది. కుట్టు షెడ్డులో తనతో పనిచేసిన ముగ్గురు ఆడవాళ్లనూ ఎక్కించుకుని, తనే నడుపుతూ ఊరంతా తిప్పుతానని లోరెట్టా మాటిచ్చింది. వేరే ఇంజను వేయడానికి వీల్లేదు. ఇంజను మీద కొట్టిన నంబరూ బండి నంబరూ ఒకటే. ఆ జంటను విడదీసినవాణ్ణి ఆ ఊళ్లో మనిషిగా చూడరు.

"ఉన్న ఇంజనునే విప్పి, రింగులూ బేరింగులూ మార్పిస్తా. అంతకుమించి వేలు పెట్టను" అని వెర్న్ ఒట్టేశాడు. ఒట్టేసిన చెయ్యి అప్పటికే జేబులో కాగితం నలుపుతోంది.

పోయినేడు ఊరేగింపులో అతనొక బండిని చూశాడు. చూశాడనడం కంటే విన్నాడనాలి. కదలకుండా నిలబడి "గుడుగ్... గుడుగ్..." అంటూ పూనకం వచ్చినట్టు ఊగుతోంది. దాని చుట్టూ యాభై మంది మగాళ్లు కళ్లు మూసుకుని నిలబడ్డారు. మహిమంతా క్యామ్‌లో ఉందని చెప్పారు. అది ఇంజను కడుపులో తిరిగే గుబ్బల కడ్డీ. గుబ్బలు పెద్దవైతే వాల్వులు పెద్దగా నోరు తెరుస్తాయి, ఇంజను ఎక్కువ మింగుతుంది, నిలబడ్డ చోట గుడుగుడుమంటుంది.

దానితో ఒక చిక్కుంది. గుబ్బలు మరీ పెద్దవైతే, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు బ్రేకు నొక్కడానికి ఇంజను ఇచ్చే సాయం అందదు. బ్రేకు తొక్కితే గోడను తొక్కినట్టుంటుంది. దీన్ని అందరూ లోపమన్నారు. వెర్న్‌కి అందులో వరం కనబడింది. లోరెట్టా ఒకసారి తొక్కుతుంది, మోకాలు పట్టుకుంటుంది, "నా వల్ల కాదు, నువ్వే నడుపు" అంటూ తాళం చేతిలో పెడుతుంది. ఊరేగింపులో తను స్టీరింగు ముందు కూర్చుని, వెనక ముగ్గురు, పక్కన పెళ్లాం, చుట్టూ కళ్లు మూసుకున్న మగాళ్లు!

ఇంజను పనికి ఊళ్లో ఉన్నది ఆల్విన్ టూమీ లేత్ షాపు. ఆల్విన్ మాట్లాడితే ఏదో అరిగిపోతుందన్నట్టు ఉంటాడు. వెర్న్ జేబులోంచి క్యామ్ పేరు రాసుకున్న కాగితం తీసి చూపించాడు.

"ఈ క్యామే వెయ్యాలి. ఉన్నవాటిలోకెల్లా పెద్దది."

"ఊఁ."

"పిస్టన్లు కాస్త ఎత్తువి. సిలిండర్లు వెంట్రుకవాసి పెద్దవి చెయ్యాలి."

"ఊఁ."

"మా ఆవిడకి తెలియకూడదు."

ఆల్విన్ కాస్త ఆగి "ఊఁ" అన్నాడు. ఆ ఆగడాన్ని వెర్న్ గౌరవం అనుకున్నాడు.

లోపలి పనంతా ఆల్విన్ షాపులో జరిగింది. వెర్న్ వాటాకి వచ్చింది పైన రంగు వేయడం, మూతలు కడగడం. మూతల సంగతి మీకు తెలుసు.

జులై చివరి శనివారం పొద్దున, ఇంజను బండిలో కూర్చుంది. ఆ వీధిలో బానెట్ తెరిస్తే చాలు, టోపీలు పెట్టుకున్న మగాళ్లు మడత కుర్చీలతో సహా మొలుస్తారు. తొమ్మిదింటికల్లా పదిమంది మొలిచారు. అవతల ఓపల్ ఎండిన గులాబీలకు నీళ్లు పెడుతున్న వంకతో కంచె దగ్గరికొచ్చింది.

కొత్త క్యామ్‌కి ఒక పథ్యం ఉంది. ఇంజను మొదటిసారి అంటుకోగానే ఇరవై నిమిషాలు జోరుగా తిరగాలి. నెమ్మదించకూడదు, ఆగకూడదు. ఆగితే గుబ్బలు గీసుకుపోయి, చేసిన పనంతా బూడిద. అందుకని వెర్న్ బానెట్ కింద దూరి, పెట్రోలు వదిలే మీటను వేళ్లతో పట్టుకుని నిలబడ్డాడు. ఆల్విన్ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను భగ్గుమంది. వీధిలో కుక్కలన్నీ ఇళ్లలోకి పరిగెత్తాయి.

అప్పుడొచ్చింది లోరెట్టా. చేతిలో వంటింటి గడియారం, గుడ్లు ఉడకబెట్టేటప్పుడు మోగేది. ముందు సీట్లో కూర్చుని, గడియారాన్ని ఎదురుగా పెట్టి, రెండో చెయ్యి తాళం మీద వేసింది. తెరిచిన బానెట్ మధ్యలో అడ్డు. మొగుడికి పెళ్లాం కనబడదు, పెళ్లానికి మొగుడు కనబడడు. చర్చిలో పాపాలు ఒప్పుకునే గూడు లాగే ఉంది, కాకపోతే ఇక్కడ గొంతు చించుకుంటేగాని వినబడదు.

"వెర్న్! ఇంజనులో ఏం వేశావు?"

"ఏంటీ? వినబడట్లా!"

"తాళం తిప్పనా?"

వెంటనే వినబడింది.

"రింగులూ! బేరింగులూ!"

"ఇంకా?"

"పిస్టన్లు!"

"ఎలాంటివి?"

"గుండ్రటివి!"

కుర్చీల్లో ఎవరో నవ్వి, దగ్గులోకి మార్చుకున్నారు.

"పధ్నాలుగు నిమిషాలుంది వెర్న్. నా చెయ్యి తాళం మీదుంది."

"కాస్త ఎత్తువి! సిలిండర్లు కూడా పెద్దవి చేయించా! ఒక వెంట్రుకంతే! మా అమ్మ మీద ఒట్టు!"

"మీ అమ్మని వదిలెయ్, ఆవిడ ఏ పాపం చెయ్యలేదు. క్యామ్ సంగతి చెప్పు!"

ఇంజను ఒక్కటే అరుస్తోంది. వెర్న్ ముక్కు మీంచి చెమట వేడి ఇనుము మీద పడి సుయ్యిమంటోంది. ఆల్విన్ వైపు చూశాడు. ఆల్విన్ ఆకాశం వైపు చూస్తున్నాడు.

"ఏడు నిమిషాలు!"

"పెద్దది!"

"ఎంత పెద్దది?"

"ఉన్నవాటిలోకెల్లా!"

"మరి బ్రేకో?"

"బ్రేకుకేం! బాగానే ఉంటుంది!"

తాళాల గుత్తి గలగలమంది.

"తొక్కలేవు! నువ్వు తొక్కలేవు లోరెట్టా! నీకు విసుగొచ్చి స్టీరింగు నాకిస్తావని! ఊరేగింపులో నేనే నడపాలని! అందుకే! ఆపకు, నీకు దణ్ణం పెడతా!"

దణ్ణం పెట్టడానికి చేతులు ఖాళీ లేవు. ఈ ముక్క వీధి చివరి ఇంటి దాకా అక్షరం పొల్లుపోకుండా వెళ్లింది. ఓపల్ నీళ్ల గొట్టం తన చెప్పుల్లోకే పారుతోంది. ఈసారి ఆమెకు కల్పించాల్సిన పని తప్పింది.

గడియారం మోగింది. ఆల్విన్ వేలెత్తాడు. వెర్న్ మీటను మెల్లగా వదిలాడు. పరువు పోయింది, పోనీ, గుడుగ్ వినబడితే చాలు. పది టోపీలూ ముందుకు వంగాయి.

గుడుగ్ రాలేదు. ఇంజను మెత్తగా సర్దుకుని, కడుపు నిండిన గేదె నెమరేసినట్టు తిరగసాగింది.

"ఆల్విన్! నా క్యామేదీ?"

"షాపులో. అలమార మీద."

"మరి ఇందులో ఉన్నదేంటి?"

ఆల్విన్ బొటనవేలితో ముందు సీటు వైపు చూపించాడు.

"బానెట్ మూసి ఎక్కు, వెర్న్," అంది లోరెట్టా. "అటుపక్క."

వీధి చివర్లో బండి తిప్పి, "రింగులు కుదురుకోవాలంటే ఒకసారి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాలట" అని తొక్కింది. వెర్న్ టోపీ వెనక సీట్లోకి ఎగిరింది. వెర్న్ కూడా వెళ్లేవాడే, మధ్యలో తన సీటు వీపు అడ్డొచ్చింది. మలుపు దగ్గర ఆమె బ్రేకును కాలి కొసతో తాకింది. బండి బుద్ధిగా ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు ఊపిరి అందాక.

"మూతలు కడిగిన మర్నాడే అనుమానమొచ్చి ఆల్విన్ దగ్గరికి వెళ్లా. అప్పటికింకా క్యామ్ ఎక్కించలేదు."

"అన్నీ తెలిసి మళ్లీ నాచేత ఎందుకు అరిపించావే?"

"నాకు తెలుసు. ఓపల్‌కి తెలియదుగా."

ఇంటి ముందు బండి ఆగింది. లోరెట్టా ఆ ముగ్గురు స్నేహితురాళ్లకూ ఫోను చేయడానికి లోపలికి వెళ్లింది. వెర్న్ కాళ్లు కూడదీసుకుని దిగాడు. రోడ్డు మీద రెండు నల్లటి చారలు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"ఇంత లాగుడు నా క్యామ్‌తో వచ్చేదంటావా?" అని ఆల్విన్‌ని అడిగాడు.

"వచ్చేది. తొంభై మైళ్ల వేగం దాటాక."

"నెల రోజులు నాకు ఊఁ కొట్టావు. ఏళ్ల తరబడి స్నేహితుణ్ణి, ఒక్క మాట చెప్పకూడదా?"

టోపీలన్నీ ఆల్విన్ వైపు తిరిగాయి. ఆల్విన్ చేతులు తుడుచుకుని, గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. నా బండికి ఏ క్యామ్ బాగుంటుందని నన్ను అడిగింది ఈ ఊళ్లో మీ ఆవిడొక్కతే."