కక్కు, కకున్, కక్కువ

అయ్యా, అమ్మా! సంసారాల్లో శాంతి ఎక్కడుందని మీ అనుమానం? ఓర్పులోనా? ప్రేమలోనా? నాన్సెన్స్! వ్యాకరణంలో ఉంది. అదీ ఫిన్నిష్ వ్యాకరణంలో!

మన విభక్తులు ఎనిమిది. వాటికే బళ్లో చెవులు మెలిపెట్టించుకున్నాం. వీళ్లకు పదిహేను. ఫిన్లాండ్‌లోని ఇసల్మి ఊళ్లో పదకొండేళ్లుగా అల్లుడిగిరీ వెలగబెడుతున్నవాణ్ణి, చెబుతున్నాను వినండి: పదిహేనూ పదిహేను వరాలు!

కేకునే తీసుకోండి. దాన్ని ఇక్కడ 'కక్కు' అంటారు. నవ్వకండి! కొత్తల్లో మా అత్తగారు సైమి పళ్లెం నా ముందు పెట్టి, వేలు చూపించి "కక్కు" అని నేర్పినప్పుడు, మింగలేక కక్కలేక కూర్చున్నది నేను, మీరు కాదు. కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగదన్నారు మన పెద్దలు. ఇక్కడ ఆ రెండూ ఒకేసారి వస్తాయి, మూడంతస్తుల్లో, మీద స్ట్రాబెర్రీలతో.

ఆ కక్కు దగ్గరే నా కొంప మునిగింది. పెళ్లైన మరుసటేడు, అత్తగారి తమ్ముడు తౌనో పుట్టినరోజు. పన్నెండుమందికి సరిపడా కక్కు వంటింట్లో ఉంది. ఆవిడ పెట్టిన చిన్న ముక్క తిని, నేర్చుకున్న ముక్క వాడదామని గర్వంగా "సోయిన్ కకున్" అన్నాను. కక్కు తిన్నాను అని. ఆవిడ ముఖం పాలిపోయింది. చుట్టాలు వాకిట్లో చెప్పులు విప్పుతున్నారు! వెనక్కి తిరిగైనా చూడకుండా ఫోనందుకుని, బేకరీకి ఇంకో కక్కు చెప్పింది.

'కక్కువ' అంటే కొంత తిన్నట్టు. 'కకున్' అంటే మొత్తం లాగించినట్టు. తోక మారితే కడుపే మారిపోతుంది!

"పన్నెండుమంది కక్కు ఒక్కడే తిన్నాడా?" అన్నాడు తౌనో, నా బొజ్జకేసి చూసి. "పిల్వీ, నువ్వు చేసుకున్నది మొగుణ్ణా, గాదెనా?"

మా ఆవిడ పిల్వి పకపకా నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. తన భాషలో నన్ను ఒంటరిగా వదలడం ప్రమాదమని తీర్మానించుకుంది కాబోలు, ఆ చలికాలమంతా నాతో నోరు విప్పలేదు. వసంతంలో విప్పితే, ఇంగ్లీషు!

అయినా ఆ 'కొంత' విభక్తిని నేను తప్పుపట్టను. దాని పుణ్యమాని ఈ దేశంలో అబద్ధానికి చోటే లేదు. "గిన్నెలు తోమాను" అంటే పిల్వి ఒప్పుకోదు. "ఏ విభక్తిలో తోమావ్?" అంటుంది. మా కౌన్సిలరొకాయన పన్నెండేళ్లుగా "వంతెన కడుతున్నాం" అంటున్నాడు. ఆయన అనేది 'కొంత' విభక్తిలో. పూర్తిచేస్తామని ఎవరికీ మాటివ్వలేదు, తప్పనూలేదు! ఈ సరుకు మన నాయకుల చెవిన పడితే ఊరుకుంటారా?

ప్రేమకు కూడా ఇదే విభక్తి. పెళ్లాన్ని ఎంత ప్రేమించినా ఇంకా కొంత బాకీ ఉన్నట్టే. పూర్తిగా ప్రేమించేశానంటే పని అయిపోయిందని అర్థం. సామాను సర్దుకోవడమే తరువాయి!

ఇక పళ్లెంలో మిగిలిన ఆఖరి ముక్క సంగతి. దాన్ని తిన్నవాడు లోకం దృష్టిలో కకున్ తిన్నవాడే. కాబట్టి ఒకరు సగం కోసుకుంటారు. ఇంకొకరు అందులో సగం. మొన్న తౌనో కళ్లజోడు పెట్టుకుని, ఒక్క స్ట్రాబెర్రీ గింజను రెండు చేయబోయాడు.

గతనెల అత్తగారికి ఎనభై నిండాయి. ఆవిడ నాతో మళ్లీ తన భాషలో ఒక్క మాట మాట్లాడితే చాలు, ఈ ఇంటి మనిషినయ్యానని నిద్రపోతాను. పదేళ్ల కోరిక అది. నిండు పేరంటంలో లేచి నిలబడి, ఫిన్నిష్‌లో, పొల్లు పోకుండా అన్నాను: "సైమీ, నీ చేతి కక్కు కొంత తిన్నాను. ఇంకొంత తినాలనుంది."

తౌనో బల్ల గుద్దాడు. "వార్నీ! ఇక్కడ పుట్టిన నా కొడుకులు కూడా ఇంత శుభ్రంగా మాట్లాడరు కదరా!"

అత్తగారి కళ్లు చెమర్చాయి. నా రెండు చేతులూ పట్టుకుంది. పెదవులు కదిలాయి. వచ్చింది ఇంగ్లీషే.

"నాకోసం ఇంత కష్టపడ్డావా నాయనా? నేనూ పడ్డానులే. ఆ తౌనో పుట్టినరోజు తరవాత, అర్థంగాని భాషతో నిన్ను బాధపెట్టకూడదనిపించింది. డెబ్బై ఏళ్లొచ్చాక మంచులో బస్సెక్కి సాయంత్రం క్లాసులకు వెళ్లాను, నీ మాతృభాషలోనే నీతో మాట్లాడాలని. ఎంత తేలికో మీ ఇంగ్లీషు! ఒక్క విభక్తన్నా లేదు!"

ఆవిడ పడ్డ శ్రమకు నాకు ఏడుపొచ్చింది. ఆ శ్రమంతా ఏ భాష పాలైందో తలుచుకుంటే ఇంకా ఏడుపొచ్చింది. నోటిదాకా వచ్చిన తెలుగంతా దిగమింగి, "థాంక్యూ" అన్నాను.