మొదటి లైను పౌరుడు

వినతుల శాఖ మంత్రిగారు కార్యాలయం మెట్ల మీద నిలబడి, నాలుగు మైకుల సాక్షిగా 'మెమరీ పొదుపు మహోద్యమం' ప్రకటించారు. "మన శాఖ కంప్యూటర్ మెమరీలో ఒక్క బైటు కూడా వృథా కానివ్వను. అవసరమైతే నా ప్రాణాలు అడ్డువేస్తాను" అన్నారు. కంప్యూటర్ కోసం ప్రాణాలు అడ్డువేస్తానన్న మంత్రిని నేను అంతవరకూ చూడలేదు. అందుకని గట్టిగానే చప్పట్లు కొట్టాను.

నేను పెద్ద మనిషినేం కాదు. ఆ కార్యాలయం గేటు ఎదురుగా మడత బల్ల వేసుకుని ఇరవై రెండేళ్ళుగా జనానికి అర్జీలు రాసిపెడుతున్నాను. లోపల ఎవరికి జలుబు చేసినా బయట నాకు తెలిసిపోతుంది.

శాఖ గొప్పతనం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. జనం ఇచ్చే ప్రతి అర్జీనీ ఒక లైనుగా టైపు చేసి కంప్యూటర్లో ఒకే ఒక ఫైల్లో చేరుస్తారు. అలా పదకొండు లక్షల లైన్లయ్యాయి. ప్రతి సోమవారం ఒక చిన్న ప్రోగ్రాం, దాన్ని స్క్రిప్టు అంటారట, ఆ ఫైలు చదివి పంపుల గోడు పంపుల వాళ్ళకూ, కరెంటు గోడు కరెంటు వాళ్ళకూ పంపాలి. రెండేళ్ళుగా ప్రతి సోమవారం పొద్దున్నే అది మొదలవుతుంది. పదిన్నరకల్లా మెమరీ నిండిపోయి తెర బిగుసుకుపోతుంది. డైరెక్టరుగారు బయటికొచ్చి, "వచ్చే సోమవారం దాకా ఓపిక పట్టండి" అని చెప్పి కాఫీకి వెళతారు. ఒక్క అర్జీ కూడా ఏ శాఖకూ చేరలేదు.

ఆ ఫైల్లో ఆరు లక్షల నలభై ఒక్కవేల రెండువందల ఏడో లైను మా మేనత్తది. ఆవిడ ఇంటి పక్కన కరెంటు స్తంభం ఒకటి ఇంటివైపు ఒరిగిపోతోంది. కరెంటు ఆఫీసుకు వెళితే, "వినతుల శాఖ నుంచి కాగితం వస్తేగానీ స్తంభాన్ని ముట్టుకోం" అన్నారు. అర్జీ నేనే రాశాను. అప్పటికి పిట్టగోడకీ స్తంభానికీ మధ్య మూరెడు ఎడం ఉండేది. మహోద్యమం ప్రకటించిన రోజుకు జానెడయింది. మా అత్త మంచాన్ని పడగ్గదిలోంచి హాల్లోకి మార్చుకుంది.

"ఒరే అల్లుడూ, అది నావైపే చూస్తోందిరా. మీ మంత్రి ప్రాణాలు అడ్డువేసేదేదో ఇక్కడికొచ్చి వెయ్యమను" అంది.

లోపల కాంట్రాక్టు మీద పనిచేసే ప్రోగ్రామరమ్మాయి ఒకతె ఉంది. మధ్యాహ్నం నా బల్ల దగ్గర కూర్చుని డబ్బా విప్పుకుంటుంది. అసలు ఆ కంప్యూటరు జబ్బేమిటని అడిగాను.

"ఏం లేదు బాబాయ్. ఆ స్క్రిప్టు పదకొండు లక్షల లైన్లనీ ముందు మెమరీలోకి ఎక్కించుకుని, ఆ తర్వాతే పంపడం మొదలెడుతుంది. బస్తా మొత్తం ఒకేసారి చాటలో కుమ్మరిస్తే చాట విరగదూ? గుప్పెడు పోసుకోవాలి, చెరుక్కోవాలి, మళ్ళీ గుప్పెడు. ఒక లైను చదవాలి, పంపాలి, మరిచిపోవాలి, ఇంకో లైను చదవాలి. అంతే."

"ఎన్నాళ్ళ పని?"

"స్క్రిప్టులో పది లైన్లు మార్చాలి. ఒక పూట."

ఈ మాటే ఆ అమ్మాయి డైరెక్టరుగారికి కూడా చెప్పింది. ఆయన కోప్పడలేదు. ఆయనది చాలా శాంతమైన స్వభావం.

"పది లైన్లా? రేపు ప్రెస్సుకి ఏం చూపించమంటావమ్మా?"

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు సార్?"

"గొడ్డలికైతే రిబ్బను కట్టొచ్చు. గోటికి ఎక్కడ కడతాం?"

పాలనలో ఇంత లోతు ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

తర్వాతి వారమే గొడ్డలి వచ్చింది. బీరువా అంత కొత్త కంప్యూటరు. పాతదానికి నాలుగు రెట్లు మెమరీ. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, కత్తెర జేబులో వేసుకుని, మీట నొక్కారు. పదకొండు లక్షల లైన్లూ లోపలికి వెళ్ళాయి. కానీ స్క్రిప్టు ఒక్కో లైనునీ ముక్కలు చేసి, ముక్కముక్కకీ ఒక నకలు దాచుకుంటుందట. చప్పట్లు ఆగకముందే ఆ తెర కూడా బిగుసుకుపోయింది.

"ఇది హ్యాంగయిందా?" అని అడిగారు మంత్రిగారు.

"లేదు సార్, ఆలోచిస్తోంది" అన్నారు డైరెక్టరుగారు.

"మంచిదే. ఆలోచించకుండా పనిచేసేవాళ్ళంటే నాకు పడదు" అని మంత్రిగారు బయలుదేరారు.

అప్పుడు రెండో దశ ప్రకటించారు. లోపం యంత్రంలో లేదట, జనం రాసే తీరులో ఉందట. అనవసరమైన మాటలతో ప్రజలు ప్రభుత్వ మెమరీని తినేస్తున్నారట. 'అయ్యా', 'దయచేసి', 'తమరి పాదాలకు' లాంటివన్నీ తీసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. దాని మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఎవరి పాదాలకూ అవి ఎప్పుడూ చేరలేదు. తర్వాత విశేషణాలు తీసెయ్యమన్నారు. నలుగురు గుమాస్తాలను కూర్చోబెట్టి పాత అర్జీలన్నీ చెక్కించారు. 'ఇంటి మీదికి ప్రమాదకరంగా ఒరిగి, ఏ క్షణాన్నైనా కూలేలా ఉన్న కరెంటు స్తంభం' అని నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసిన వాక్యం, చెక్కుడయ్యాక 'స్తంభం ఉంది' అని మిగిలింది.

మా అత్తకు ఆ సంగతి చెప్పాను. "ఉందనా? అది నేనూ చెప్పగలను" అంది. అప్పటికి ఎడం బెత్తెడుకి తగ్గింది. మంచం వంటింట్లోకి చేరింది.

లైన్లు చిన్నవయ్యాయి గానీ వాటి సంఖ్య తగ్గలేదు. కొత్త కంప్యూటరు ఈసారి, పాతదానిలా పదిన్నరకి కాకుండా, పదకొండుంబావుకి బిగుసుకుంది. నలభై అయిదు నిమిషాల ప్రగతి అని పత్రికలకు ఇచ్చారు.

ఇక ఆ అమ్మాయికి విసుగొచ్చింది. ఎవర్నీ అడగకుండా, ఒక శుక్రవారం కూర్చుని పది లైన్లూ మార్చేసింది. పాత కంప్యూటరు మీదే, ఏమీ పంపకుండా, చదవడం వరకే నడిపి చూసింది. మొత్తం ఫైలు తొమ్మిది నిమిషాల్లో పూర్తయింది. మెమరీ చూపించే గీత నేలకు అతుక్కుని పడుకున్నట్టే ఉందట, ఒక్కసారి కూడా తల ఎత్తలేదట. పరిగెత్తుకుంటూ వచ్చి నాకు చెప్పింది. ఆ పూట నేను నిజంగా సంతోషించాను. సోమవారానికల్లా మా అత్త లైను కరెంటు వాళ్ళ బల్ల మీద ఉంటుందని లెక్క వేసుకున్నాను.

సోమవారం డైరెక్టరుగారు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అంతా విన్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను, ఆయన సంతకానికి కాగితాలు తెచ్చి.

"అంటే ఒక లైను చదివి, పంపి, మరిచిపోతుంది. అంతేనా?"

"అంతే సార్."

"ఎవరి అనుమతితో మరిచిపోతుంది?"

జవాబు కోసం ఆగకుండా ఆయనే అందుకున్నారు.

"ఒక పౌరుడి అర్జీని మెమరీలోంచి తీసెయ్యడమంటే మాటలు కాదమ్మా. ఆ సమస్య తీరిందని ఇక్కడి అధికారులం అయిదుగురం సంతకాలు పెట్టాక మరిచిపొమ్మను. అప్పుడే తర్వాతి లైను చదవమను."

"సార్, అలాగైతే ఒక్కో లైనుకీ..."

"మెమరీ పెరుగుతుందా?"

"పెరగదు సార్. ఎప్పుడూ ఒక్క లైనే ఉంటుంది."

"మరింకేం! మహోద్యమం లక్ష్యం అదే కదా" అన్నారు డైరెక్టరుగారు. ఆ తర్కానికి ఎదురు చెప్పడం నా తరం కాదు. ఆ అమ్మాయి తరం కూడా కాలేదు.

ఇంకొక్క సంగతి అడిగారాయన. "స్క్రిప్టు రెండో లైను నుంచి మొదలవుతోందేం? మొదటి లైను పౌరుడు ఏం పాపం చేశాడు?"

"అది పౌరుడు కాదు సార్. ప్రతి లైనులోనూ పేరుకీ, చిరునామాకీ, సమస్యకీ ఒక్కో గడి ఉంటుంది, ఇవి ఆ గడుల పైన రాసుకునే శీర్షికలు. ఏ గడిలో ఏముందో తెలియడానికి."

"అలా అని కాగితం మీద రాసి సంతకం పెడతావా? రేపు విచారణ వస్తే నీదే బాధ్యత."

వచ్చే నెల కాంట్రాక్టు పొడిగించాల్సిన పిల్ల. పెట్టలేదు. స్క్రిప్టు మొదటి లైను నుంచే మొదలైంది. మొదటి అర్జీ తెర మీదికొచ్చింది. అర్జీదారు: శ్రీ అర్జీదారు పేరు. తండ్రి: తండ్రి లేక భర్త పేరు. నివాసం: చిరునామా. సమస్య: సమస్య వివరం.

అయిదుగురు అధికారులూ ఆ లైను శ్రద్ధగా చదివారు. సమస్య ఏమిటో వివరంగా లేదని ఒకరు రాశారు. విశేషణాలు తీసెయ్యడం వల్ల అలా అయి ఉంటుందని ఇంకొకరు రాశారు. క్షేత్రస్థాయిలో విచారించాలని మూడో ఆయన రాశారు. రెండు జీపులు బయలుదేరాయి. ఆరు వారాలు తిరిగి విచారణ బృందం నివేదిక ఇచ్చింది. నేనే దానికి శుద్ధప్రతి రాశాను, అందుకని ఇక్కడ చెప్పగలుగుతున్నాను. 'సదరు వ్యక్తిని ప్రత్యక్షంగా చూసినవారు దొరకలేదు. అయితే ప్రతి ఆఫీసులోనూ, బడిలోనూ, ఆసుపత్రిలోనూ దరఖాస్తుల మీద ఆయన పేరు చూశామని సిబ్బంది చెప్పారు. ఆయన బాగా పరపతి ఉన్న వ్యక్తిగా తెలుస్తోంది. ప్రస్తుతం ఎక్కడా ఫిర్యాదు చేస్తూ కనబడలేదు గనక సమస్య తీరినట్టే భావించవచ్చు.'

అయిదు సంతకాలూ పడ్డాయి. మంత్రిగారు విజయోత్సవ సభ పెట్టించారు. మన శాఖ నూటికి నూరుపాళ్ళు, ఒక్క లైను మెమరీతో, ఒక సమస్యను సంపూర్ణంగా పరిష్కరించిందని పెద్ద అక్షరాలతో బోర్డు కట్టారు. ఒక్కటే చిక్కొచ్చింది. వేదిక మీద ధ్రువపత్రం అందుకోవడానికి లబ్ధిదారుడు కావాలి.

డైరెక్టరుగారు స్వయంగా నా బల్ల దగ్గరికొచ్చారు. ఇరవై రెండేళ్ళలో అది మొదటిసారి.

"మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కాస్త వయసు, కాస్త తెల్లజుట్టు. 'నా సమస్య తీరింది' అని మూడు మాటలు చెప్పి ఒక సంతకం పెడితే చాలు. తర్వాత మంత్రిగారి చెవిలో ఏం చెప్పుకున్నా ఫరవాలేదు."

మంత్రిగారి చెవి! పదకొండు లక్షల లైన్లు దాటి ఒక్క గంతులో అక్కడికి. నేనే మా అత్త కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. తీరని సమస్య తీరిందని ఎలా చెప్పనురా అని ఆవిడ గింజుకుంది. "నీది తీరిందని కాదత్తా, ఎవరిదో తీరిందని" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సభలో మా అత్త మూడు మాటలూ చెప్పింది. ధ్రువపత్రం అందుకుంది. డైరెక్టరుగారు చూపించిన చోట సంతకం పెట్టింది. పెట్టి, మంత్రిగారి చెవి దగ్గర వంగి స్తంభం గురించి మొదటి నుంచి చివరి దాకా, విశేషణాలతో సహా చెప్పింది. మంత్రిగారు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, కెమెరా వైపు తిరిగి, చాలాసేపు విన్నారు.

"తప్పకుండా తల్లీ" అన్నారు. "ఇదంతా ఒక అర్జీ రాసి ఇవ్వు."

మర్నాడు పత్రికల్లో ఫొటో వచ్చింది. ఆ ఫొటో పట్టుకుని ప్రోగ్రామరమ్మాయి దగ్గరికి వెళ్ళాను. వేదిక ఎక్కిన మనిషి కదా, మా అత్త లైను కాస్త ముందుకు జరుగుతుందేమో చూడమన్నాను. ఆ అమ్మాయి నా మొహం వంక చూడలేదు.

"ఆ లైను లేదు బాబాయ్."

"లేకపోవడమేమిటి? ఆరు లక్షల నలభై ఒక్కవేల..."

"నిన్న సాయంత్రం తీయించేశారు. సమస్య తీరిందని మంత్రిగారి ముందు సంతకం పెట్టిన మనిషి పేరు ఇంకా ఫైల్లో ఉంటే ఆయనకి తలవంపులు కదా అన్నారు. నా చేత్తోనే తీశాను." ఫొటో పక్కకు జరిపి, "ఫైలు ఒక లైను తగ్గిందని నోట్ రాయించుకున్నారు కూడా" అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం మా అత్త ఇంటికి వెళ్ళాను. స్తంభం పిట్టగోడకు ఆనుకుని ఉంది, గోడకు ఒక వేలు మందం బీట పడింది. మంచం పెరట్లో ఉంది. ఆవిడ దాని మీద కూర్చుని ధ్రువపత్రంతో విసురుకుంటోంది. జరిగింది దాచకుండా చెప్పాను, తప్పు నాదేనని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లోపలికి వెళ్ళి కాగితం, కలం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మళ్ళీ రాయి. విశేషణాలు వద్దులే. స్తంభం ఉందనే రాయి."

రాశాను. కింద ఆవిడ పేరు రాయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నా పేరు వద్దురా అల్లుడూ. ఆ మొదటి లైను ఆయన పేరు రాయి. ఆయన కోసమైతే రెండు జీపులేసుకుని వెతుక్కుంటూ వస్తారు."