కన్నీరు అందిన తేదీ

“సైనికుడి కుటుంబం నా కుటుంబం! సైనికుడి భార్య కంటి నుంచి ఒక్క చుక్క కూడా ఈ నేల మీద పడనివ్వను!”

అని హీరోగారు మైకు ముందు గర్జించగానే వేలమంది అభిమానులు ఈలలు వేశారు. రంగు కాగితాలు గాల్లోకి ఎగిరాయి. హీరోగారి పక్కనే నిలబడ్డ సైనికుడి భార్య భోరుమంది. ఆమె చేతిలోని పింఛను దరఖాస్తును హీరోగారు అందుకుని, పక్కనున్న సంక్షేమ శాఖ పెద్ద ఆఫీసరు చేతిలో పెట్టారు. ఆఫీసరుగారు కూడా కళ్లు తుడుచుకున్నారు. చూసినవాళ్లందరూ దేశానికి ఇక ఢోకా లేదనుకున్నారు.

ఇందులో లోపం ఒక్కటే. అసలు సైనికుడి భార్య ఆ సమయంలో ఏడో వరుసలో, ఒళ్లో బిర్యానీ పొట్లం పెట్టుకుని, అంతమంది బరువుకు వేదిక ఎక్కడ కూలుతుందోనని హడలిపోతూ కూర్చుంది.

ఆమె పేరు కొమురమ్మ. ఉండేది రహమత్ నగర్‌లో ఒక గది ఇంట్లో. చదివింది ఏడో తరగతి. భయపడటంలో మాత్రం పెద్ద చదువే చదివింది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది. మోగకపోతే ఫోను చెయ్యాల్సినవాళ్లే పోయారనుకుంటుంది. కూతురు మనోజ కాలేజీ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, కొమురమ్మ మనసు ఆసుపత్రికి చేరి, డాక్టరు కాళ్లు పట్టుకుని, రక్తం ఏ గుంపో కూడా కనుక్కుని వస్తుంది.

భర్త హనుమంతు పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాడు. ఆ తర్వాత జూబ్లీ హిల్స్‌లో ఆ హీరోగారి గేటు దగ్గరే ఆరేళ్లు సెక్యూరిటీ డ్యూటీ చేశాడు. కారు లోపలికొచ్చినా బయటికెళ్లినా సెల్యూట్ కొట్టేవాడు. ఆరేళ్లలో హీరోగారు ఒక్కసారీ అద్దం దించలేదు. నల్ల అద్దం కదా, లోపల తిరిగి సెల్యూట్ కొట్టేవారేమో, మనం చూడకుండా అనకూడదు! ఒకరోజు పొద్దున్నే హనుమంతు ఆ గేటు దగ్గరి కుర్చీలోనే గుండె ఆగి పోయాడు.

నెల తిరక్కుండానే హీరోగారి సైనిక చిత్రం విడుదలకు సిద్ధమైంది. ఫంక్షను నడిపించే రఘునందన్‌కు అర్జంటుగా ఒక సైనికుడి భార్య కావలసివచ్చింది. ఊరంతా వెతికించాడు. చివరికి హీరోగారి డ్రైవరే చెప్పాడు, మన గేటు దగ్గర పోయిన హనుమంతు భార్యే ఉందని.

“నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేదమ్మా,” అన్నాడు రఘునందన్ ఫంక్షను రోజు మధ్యాహ్నం రిహార్సల్లో. “దరఖాస్తు హీరోగారికి ఇవ్వు. ఇస్తూ ఏడు. అంతే.”

కొమురమ్మ కాగితం ఇచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు. మూడుసార్లు ఇచ్చింది. మూడుసార్లూ మొహం ఎండిన చెరువులాగే ఉంది.

“మొగుడు పోయాడు కదమ్మా! కొంచెం గుర్తు తెచ్చుకో!”

“మర్సిపోతే గద సారూ, గుర్తు తెచ్చుకునేది!”

రఘునందన్ వాచీ చూసుకున్నాడు. యూసుఫ్‌గూడ నుంచి భావన అనే జూనియర్ ఆర్టిస్టును పిలిపించాడు. ఆ వారంలోనే మూడు సీరియళ్లలో మూడు శవాల దగ్గర ఏడ్చివచ్చిన మనిషి. నీరసంగా ఉన్నా వృత్తిధర్మం మరువలేదు. కొమురమ్మ పేరు, కొమురమ్మ దరఖాస్తు, చివరికి కొమురమ్మ కట్టుకొచ్చిన తెల్లచీర కూడా భావనకు ఇచ్చేశారు. కొమురమ్మకు భావన చుడీదారు, బిర్యానీ పొట్లం దక్కాయి.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఏమీ జరగలేదు. అడిగితే ఆఫీసరుకు కోపమొస్తుందని, కోపమొస్తే కాగితం చింపుతాడని, చింపితే మళ్లీ అతికించడం కష్టమని కొమురమ్మ అడగలేదు. మనోజే ఒకరోజు తల్లి చెయ్యి పట్టుకుని సంక్షేమ కార్యాలయానికి లాక్కెళ్లి, కొత్తగా దరఖాస్తు పెట్టించింది. ఆశ్చర్యం! మంజూరయింది. అయితే కొత్త దరఖాస్తు తేదీ నుంచే. పోయిన పద్నాలుగు నెలలు పోయినట్టే.

ఆ పద్నాలుగు నెలల పింఛను మీదే మనోజ నర్సింగు చివరి ఏడాది ఫీజు ఆధారపడి ఉంది. ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ ఇవ్వమని కాలేజీవాళ్లు చెప్పేశారు. గడువు సరిగ్గా ఇరవై రోజులు.

సూపరింటెండెంటు ఆదినారాయణ చాలా ఓపిగ్గా వివరించాడు.

“చూడండమ్మా, నిబంధన స్పష్టంగా ఉంది. దరఖాస్తు అందిన తేదీ నుంచి అమలు. భర్త పోయిన తేదీ నుంచి కాదు. ఆయన ఎప్పుడైనా పోవచ్చు, అది ఆయనిష్టం. దరఖాస్తు మాత్రం మాకు అందాలి.”

“పద్నాలుగు నెలల కిందనే ఇచ్చిన సారూ.”

“ఎవరికిచ్చారు?”

“హీరోకు.”

“హీరోగారు ఇన్‌వార్డు సెక్షను కాదు కదండీ!”

“మీ పెద్ద ఆఫీసరుకు కూడా అందింది సార్,” అంటూ మనోజ ఫోనులో వీడియో పెట్టింది. ఆదినారాయణ కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి చూశాడు. వీడియోను చూశాడు. కొమురమ్మను చూశాడు.

“ఈవిడ మీరు కాదే!”

ఆ క్షణంలోనే, మనసులో, కొమురమ్మకు బేడీలు పడ్డాయి. చంచల్‌గూడ జైల్లో గది కూడా కేటాయించారు. మనోజ టిఫిను డబ్బాతో జైలు గేటు దగ్గర నిలబడి ఉంది, కూర కారిపోతోంది.

“వద్దు బిడ్డా, పోదాం పా. ఉన్నది గుంజుకుంటరు.”

“జర ఆగమ్మా! నువ్వు దొంగతనం చేసినవా ఏంది?”

ఆదినారాయణకు మాత్రం ఆ వీడియోలోని మొహం ఎక్కడో చూసినట్టుంది. బుర్ర గోక్కున్నాడు. మెల్లగా తల తిప్పి తన కుర్చీ వెనక గోడకేసి చూశాడు. అక్కడ బంగారు అంచు ఫ్రేములో హీరోగారు, పెద్ద ఆఫీసరు, మధ్యలో భోరుమంటున్న భావన! కింద పెద్ద అక్షరాలు: ‘ఒక్క రోజులో సమస్య పరిష్కారం. ఉత్తమ సేవా పురస్కారం.’

ఫైలు తెప్పించారు. ఇన్‌వార్డు నంబరు ఉంది. ముద్ర ఉంది. తేదీ అదే తేదీ. దరఖాస్తు కొమురమ్మదే. చివరి పేజీలో ఇలా రాసి ఉంది: ‘లబ్ధిదారు వేదికపైనే ఆనందబాష్పాలు రాల్చినందున, సమస్య సంతృప్తికరంగా పరిష్కారమైనట్లు భావించి ఫైలు మూసివేయడమైనది.’

“అప్పుడే పరిష్కారమైతే ఆ తారీఖు నుంచే ఇయ్యాలె గద సార్?” అంది మనోజ.

ఆదినారాయణ చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఇస్తే, ఫొటోలో ఉన్నది మీ అమ్మ కాదేమని ఆడిట్‌వాళ్లు అడుగుతారు. ఇవ్వకపోతే, ఆ పురస్కారం ఎందుకు తీసుకున్నారని అడుగుతారు.” కాసేపు ఫ్యాను కేసి చూశాడు. మొహం వెలిగింది. “ఒక పని చెయ్యండి. ఫొటోలో ఉన్నది కొమురమ్మేనని హీరోగారి ఆఫీసు నుంచి ఒక ఉత్తరం తెండి.”

“అబద్ధం రాయించుకు రమ్మంటున్నరా సార్?”

“ఛఛ! ధ్రువీకరణ పత్రం అంటున్నానమ్మా!”

ఫిల్మ్‌నగర్‌లో రఘునందన్ ఆఫీసు మెట్లెక్కుతూ కొమురమ్మ పన్నెండు రకాల అవమానాలకు సిద్ధపడింది. అక్కడ బెంచీ మీద భావన కూర్చుని ఉంది. ఆ రోజు ఏడ్చిన డబ్బులు ఇంకా రాలేదట, అడగడానికొచ్చింది.

“కొమురమ్మక్కా!” అంటూ లేచి చేతులు పట్టుకుంది. “మీకోసం ఎంత వెతికానో! ఆ వీడియో చూసి కాలనీలవాళ్లు, స్కూళ్లవాళ్లు నన్నే పిలుస్తున్నారక్కా, వీరపత్ని అని. కాదంటే వినరు, నేను వినయంగా అంటున్నాననుకుంటారు. మీ పేరు మీద పదకొండు శాలువాలు కప్పారు. ఒక్కటీ మడత విప్పలేదు. రేపే తెచ్చిస్తాను, అన్నీ మీవే.”

మర్నాడు నిజంగానే సంచీతో వచ్చి, తారీఖుల వారీగా అప్పజెప్పింది. కొమురమ్మకు రావాల్సిన బకాయిలను మొదటి రోజు నుంచీ, అడక్కుండా, పూర్తిగా చెల్లించిన సంస్థ ఈ దేశంలో భావన ఒక్కటే!

అంతకుముందు రోజు ఆఫీసులో రఘునందన్ సంగతి విని అదిరిపోలేదు. సంబరపడ్డాడు. ఆ సినిమాకు రెండో భాగం తయారైంది, పది రోజుల్లో ఫంక్షను. “అద్భుతం! పింఛను ఆర్డరు స్టేజీ మీదే హీరోగారి చేతులతో ఇప్పిద్దాం!” అంటూ ధ్రువీకరణ పత్రం అక్కడికక్కడే కొట్టించాడు.

“మరి నేను గీసారి పైకి రావాల్నా సారూ?”

“నువ్వెందుకమ్మా? జనానికి తెలిసిన కొమురమ్మ భావన కదా! మొహం మారితే కంటిన్యూటీ పోదూ?”

ఆ పది రోజులూ కొమురమ్మ నిద్రపోలేదు. భావన కాగితం తీసుకుని ఏ బస్సో ఎక్కుతుందేమో. ఎక్కకపోయినా ఆటోలో మరిచిపోతుందేమో. మరవకపోయినా, ఏడుస్తుంది కదా, అక్షరాలు తడిసి తేదీ చెరిగిపోతుందేమో!

ఆ రోజు సాయంత్రం అదే ఏడో వరుస. వేదిక మీద హీరోగారు భావనకు పన్నెండో శాలువా కప్పి, ఆర్డరు అందించారు. ఆదినారాయణ కింద నిలబడి ఫొటో తీయిస్తున్నాడు, బహుశా రెండో ఫ్రేముకు. భావన ఒప్పుకున్న ప్రకారం ఏడ్చింది, కాగితాన్ని మాత్రం తల మీదుగా ఎత్తి పట్టుకుని ఏడ్చింది. మెట్లు దిగుతూనే నేరుగా ఏడో వరుసకు వచ్చి, శాలువా, ఆర్డరు రెండూ కొమురమ్మ ఒళ్లో పెట్టింది.

“చూసుకో అక్కా. తారీఖు తడవలేదు.”

కొమురమ్మ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. హనుమంతు భార్య కొమురమ్మ. అమలు తేదీ... పాత తేదీయే! మనోజకు హాల్‌టికెట్ తెచ్చే తేదీయే!

అప్పుడు వచ్చింది ఏడుపు. హనుమంతు పోయిన పొద్దున కూడా, ఇల్లెట్లా గడుస్తుందన్న భయంలో ఏడవడానికి తీరిక దొరకలేదు ఆమెకు. పదిహేను నెలలుగా బిగబట్టింది మొత్తం ఒక్కసారిగా బయటికొచ్చింది. కెమెరాలన్నీ వేదికను వదిలి ఇటు తిరిగాయి. పైన హీరోగారు మాట ఆపేశారు.

“ఎవరామె? డిస్టర్బెన్సు! కాస్త బయటికి పంపండి!” అని, మళ్లీ మైకు సర్దుకున్నారు. “సైనికుడి భార్య కంటి నుంచి ఒక్క చుక్క కూడా ఈ నేల మీద పడనివ్వను!”

హీరోగారి మాట నిలబడింది. బౌన్సర్లు చెరో రెక్కా పట్టుకుని నడిపిస్తుంటే కొమురమ్మ శాలువాలో మొహం దాచుకుని ఏడ్చింది. ఒక్క చుక్క కూడా నేల మీద పడలేదు.

బయట గేటు దగ్గరికి రఘునందన్ రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

“ఇదమ్మా ఏడుపంటే! ఆ రోజు ఎక్కడ దాచావు ఇంత ఏడుపూ?”

“ఆ దినం మీ హీరోను నమ్మిన సారూ. పనయితదనుకున్న. ఇంక ఏడుసుడెందుకు?”

రఘునందన్ వినలేదు. మనసులో అప్పుడే ఇంకో వేదిక కట్టేస్తున్నాడు. “వచ్చే నెల ఇంకో ఫంక్షనుంది. రైతు భార్య. భావన వద్దు, నువ్వే చెయ్యాలి!”

మనోజ తల్లి చెయ్యి లాగింది. కొమురమ్మ కదల్లేదు. ఆర్డరును నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. శాలువా కొసతో ముక్కు తుడుచుకుంది.

“చేస్త సారూ. గని ఏ తారీఖు నుంచి చేస్తున్ననో ముందుగాల కాయితం మీద రాసియ్యుండ్రి. కింద ముద్దర గూడ కావాలె.”