నూటికి నూరు గట్టి మనసులు

మిందనావో దీవి కొండల దిగువనున్న పదాతిదళంలో సైనికుల మనసులను, ఒళ్లను ఆరు వారాల్లో గట్టిపరచవలెనని ఉత్తర్వు వచ్చింది. ఏడో వారంలో తనిఖీ గనుక ఆరు వారాలు చాలునని పైవారే తేల్చారు.

శిక్షకుడిగా సార్జెంట్ నెమెసియో తబనావ్‌ను నియమించారు. అర్హతలు రెండు: గొంతు పెద్దది, ఎదురు చెప్పడు. సైన్యంలో చేరకముందు అతను దిపోలోగ్ బజారులో ఎండుచేపలు అమ్మేవాడు. బుట్టలో మంచివి పైన, తక్కినవి అడుగున సర్దడంలో అందెవేసిన చెయ్యి. ఈ పనికి అంతకంటే అనుభవం ఏం కావాలి?

ఆ చెయ్యే ఇప్పుడు వణుకుతోంది. జూలై వరదలో జనాన్ని ఒడ్డుకు లాగుతుండగా అతని పట్టులోంచి తాడు జారింది. తాడు చివర ఉన్న ముసలాయన మళ్లీ కనబడలేదు. అప్పటినుంచి గ్లాసు ఎత్తితే సగం నీళ్లు నోటికి, సగం చొక్కాకు. "మనసు విప్పి మాట్లాడండి" అని రోజూ పాఠం చెబుతూ, చేతులు మాత్రం జేబుల్లో దాచుకునేవాడు. గిరాకీకి బుట్ట అడుగు చూపించే వర్తకుడు ఎక్కడైనా ఉంటాడా?

పాఠాలకు వేళ చాలక శుక్రవారం సామూహిక భోజనం రద్దు చేశారు. పొడవాటి బల్లమీద అరిటాకులు పరిచి, అన్నమూ వేయించిన చేపా రాశిగా పోస్తే, అధికారీ సిపాయీ భుజాలు రాసుకుంటూ నిలబడి చేత్తో తినే భోజనమది. ఎవడి చెయ్యి మధ్యలో ఆగిపోయిందో పక్కవాడికి అక్కడే తెలిసేది. ఆ వృథా గంటలో ఇప్పుడు 'తోటివాడి బాధను గుర్తించు విధానము' బోధిస్తున్నారు.

చివర పరీక్ష, శిక్షకుడితో సహా అందరికీ. అరవై ప్రశ్నలు. కాగితంమీద పేరు రాయాలి. రహస్యంగా ఉండేందుకు మడిచి ఇవ్వాలి. బాధ ఉందని ఒప్పుకున్నవాడికి పట్నం డాక్టరు దర్శనం, దానితోపాటు ఆరు శనివారాలు అదనపు తరగతులు. చెప్పేది నెమెసియోయే.

కాగితాలు పోగుచేస్తున్న గుమాస్తా, కార్పొరల్ ఫెలీసా, అతని దగ్గర ఆగింది.

"ఏంటన్నా, ఇంకా పద్నాలుగో ప్రశ్నలోనే ఉన్నావు?"

"చేతులు వణుకుతాయా అని అడుగుతున్నారు."

"లేదని టిక్కు పెట్టెయ్. అందరూ పెట్టారు. నేనూ పెట్టా, ఇప్పుడే బాత్‌రూములో ఏడ్చొచ్చి."

"అవునంటే నా క్లాసుకి నేనే రావాలే!"

"వస్తే వెనక బెంచీలో కూర్చో. నీ పాఠం దగ్గర్నుంచి భరించలేవు."

నెమెసియో చాన్నాళ్లకు నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే 'అవును' గడిలో టిక్కు పెట్టాడు. ఆరు శనివారాలు పోతే పోయాయి, డాక్టరు దక్కుతాడు. బేరం గిట్టుబాటే.

మూడోనాడు కల్నల్ విల్యారుస్ పిలిపించాడు.

"నాలుగు వందల పన్నెండు కాగితాల్లో నీదొక్కటే తేడా అయ్యా. పంతులుకే జబ్బంటే తనిఖీవాళ్లు ఏమనుకుంటారు?"

"నిజంగానే వణుకుతోంది సార్. చూడండి."

కల్నల్ ఆ చేతిని చాలాసేపు దయగా చూశాడు. "అవును పాపం. అందుకే టిక్కు పక్క గడిలో పడింది. దిద్దించేశాం."

"మరి డాక్టరు, సార్?"

"ఆరోగ్యవంతుడికి డాక్టరెందుకయ్యా?"

తనిఖీనాడు దళం నూటికి నూరు పాళ్లు దృఢమైనదని ప్రకటించి, నెమెసియోకు ఇత్తడి ఫలకం బహూకరించారు. అతని చేతుల్లో అది చొక్కా గుండీలకు తగిలి టకటకలాడింది. ఆ చప్పుడు వినబడకుండా సభ యావత్తూ లేచి చప్పట్లు కొట్టింది. చప్పట్లతో ఉన్న సుఖమదే: కొట్టేవాళ్లలో ఎవరి చెయ్యి వణుకుతోందో బయటపడదు.