నాలుగు సిలిండర్లకు నాలుగు జవాబులు

నరసరావుపేటలో జవాబు తెలియని ప్రశ్న లేదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు, పట్టణంలోని కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలన్నీ ఏకగ్రీవంగా ధ్రువీకరించిన విషయం. అటువంటి చోట పాతికేళ్ళుగా ఫిజిక్సుకు పెద్దదిక్కుగా వెలుగుతున్న సుధీర్ బాబు సారును, మొన్న మే నెలలో, షెడ్డులో నలుగురూ చూస్తుండగా ఒక మెకానిక్ ప్రశ్న అడిగాడు.

"సార్, ఏ ప్లగ్గు ఎయ్యమంటారు?"

ప్రశ్న వెనక ఒక కారుంది. ఎర్రటిది, రెండే తలుపులున్నది, టర్బో బిగించిన స్పోర్ట్స్ కారు. హైదరాబాదులో ఎవరో పదేళ్ళు తోలి విసిగిపోతే సారు కొనుక్కున్నారు. యాభై రెండేళ్ళ వయసులో, ఆ పొట్టతో, నేలకు జానెడు ఎత్తున ఉండే బండిలో కూర్చోవడానికి ఆయనకు మూడు నిమిషాలు పట్టేది. లేవడానికి భార్య ప్రిస్కిల్లా రెండు చేతులూ కావలసివచ్చేవి. ఈ సంగతి ఆయనే అందరికన్నా ముందు చెప్పుకుని నవ్వేవారు. ఊరు నవ్వేలోపు మనమే నవ్వేస్తే నొప్పి తక్కువని ఆయన సిద్ధాంతం.

ఆ బండికి సారు పనిచేసే కాలేజీ యాజమాన్యం ఒక మహత్తర బాధ్యత అప్పగించింది. ఆదివారం నాడు ర్యాంకుల ఊరేగింపు నరసరావుపేటలో బయలుదేరి గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల చేరాలి. ముందు సారు కారు, అందులో మొదటి ర్యాంకు తెచ్చుకున్న ఉజ్వల, వెనక డీజే. అసలే అడ్మిషన్ల కాలం. దారిలో బండి ఆగితే కాలేజీ పరువు ఆగినట్టే. బండేమో గేరు మార్చినప్పుడల్లా దగ్గుతోంది. మెకానిక్ నవీద్ మూత ఎత్తి చూసి, ప్లగ్గులు నాలుగూ అరిగిపోయాయని తేల్చాడు.

నవీద్ సారు దగ్గర చదివినవాడే. ఇంటర్ ఫిజిక్సు రెండుసార్లు తప్పాడు. ఉష్ణయంత్రాల పాఠంలో "ఎందుకు సార్?" అని పదే పదే అడిగి, విలువైన క్లాసు పాడుచేసినందుకు బెంచీ ఎక్కిన చరిత్ర అతనిది. ఇప్పుడతను బల్ల మీద నాలుగు రకాల ప్లగ్గులు పరిచాడు. మామూలుది, ప్లాటినంది, నాలుగు కొనలది, ఇరీడియంది.

"ఇది టర్బో బండి సార్. లోపల చానా వేడి పుడతది. ఆ వేడిని గబగబా బయటికి లాగే ప్లగ్గు కావాల. దాన్నే చల్లరకం అంటాం. ఈ ఇరీడియంది అదే. నాలుగూ ఇయ్యే ఏసి, కొన దగ్గర గ్యాప్ కొంచెం తగ్గిద్దాం. ఇంక ఆలోచించే పనే లేదు."

ఇంత సూటిగా ఎవరైనా జవాబు చెబితే సారుకు అనుమానం. మొదట కంటికి ఆనే జవాబు పేపరు తయారుచేసినవాడు పన్నిన వల అని ఆయన పాతికేళ్ళుగా బోధిస్తున్నారు. పైగా నిప్పు పుట్టించే వస్తువుకు చల్లదనమా? నిజం చెప్పాలంటే, ఇంజను బొమ్మను నాలుగు రంగుల సుద్దముక్కలతో కళ్ళు మూసుకుని గీయగల ఆ మహానుభావుడు స్పార్కు ప్లగ్గును చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. తెలియదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ షెడ్డులో ఇద్దరు విద్యార్థుల తండ్రులు నిలబడి ఉన్నారు.

సారు ఎలిమినేషన్ పద్ధతి ప్రయోగించారు. మామూలుది తీసేద్దామంటే, ఇన్నేళ్ళుగా అమ్ముడవుతున్నదంటే అందులో ఏదో ఉండాలి. ప్లాటినంతో నగలే చేయించుకుంటారు. నాలుగు కొనలున్నదానికి నాలుగు నిప్పురవ్వలు ఖాయం. ఇరీడియందాన్ని, ఎంత పరీక్ష తప్పినవాడైనా, ఒక మాజీ విద్యార్థి సిఫారసు చేశాడు. ఏదీ కొట్టివేయడానికి వీల్లేదు. అలాంటప్పుడు ఏ జవాబు గుర్తించాలో నరసరావుపేటలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

"పైవన్నీ," అన్నారు సారు.

"ఏంది సార్?"

"సిలిండర్లు నాలుగు, ప్లగ్గులు నాలుగు రకాలు. తలొకటి వెయ్యి."

"ఒద్దు సార్, పిస్టన్లు కరిగిపోతయ్!" అని నవీద్ రెండుసార్లు మొత్తుకున్నాడు. తండ్రులిద్దరూ తలలు పంకించారు. ఈ కోణంలో ఇంతవరకు ఎవరూ ఆలోచించి ఉండరని ఒకాయన ప్రశంసించాడు. అది అక్షరాలా నిజం. గురువు మాట కాదనలేక నవీద్ తలొకటి బిగించాడు.

ఇంట్లో సంగతి విన్న ప్రిస్కిల్లా, "ఏమండీ, నాకు తెలవదు అంటే మీ నోరేమన్నా అరుగుద్దా?" అంది. సారు నవ్వేసి పడుకున్నారు.

ఆదివారం ఊరేగింపు గురజాల దాకా దివ్యంగా సాగింది. రెంటచింతలలో ఎండ నలభై ఆరు. చర్చి నుంచి జనం బయటికి వస్తున్న సమయానికి బండి ఒక్క తుమ్ము తుమ్మి, నీలంపొగ వదిలి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. డీజే మాత్రం ఆగలేదు. యాజమాన్యం ప్రతినిధి క్షణం తడబడకుండా మైకు అందుకున్నాడు.

"రెంటచింతల ప్రజలారా! ఇంజను లోపల జరిగే ప్రక్రియను మీ బిడ్డలకు ప్రత్యక్షంగా వివరించాలన్న తపనతో మన సారు ఇక్కడ ఆగారు!"

జనం చప్పట్లు కొట్టారు. పక్కసీట్లోంచి ఉజ్వల మెల్లగా అడిగింది: "ఎందుకాగింది సార్?"

"నాకు తెలియదమ్మా," అన్నారు సారు. జీవితంలో మొదటిసారి అన్నారు. డీజే మోతలో ఆ పిల్లకు వినపడలేదు.

బండిని లాక్కొచ్చి నవీద్ ఇంజను విప్పాడు. మూడు పిస్టన్లు మాడి చిల్లులు పడ్డాయి. చల్లరకం ప్లగ్గు వేసిన నాలుగోది మాత్రం కొత్తదానిలా ఉంది.

"నాలుగింట ఒకటి. తప్పానురా," అన్నారు సారు నవ్వబోతూ. నవీద్ నవ్వలేదు. సారుకు నిజంగానే సిగ్గేసింది. ఆనాడు నువ్వడిగినదానికి జవాబు తెలియకే నిన్ను బెంచీ ఎక్కించానని చెప్పేద్దామని నోరు తెరిచారు.

ఈలోగా నవీద్ చేతులు తుడుచుకుని, ఒక అప్లికేషన్ ఫారం తెచ్చి, కూతురు జెబాను ముందుకు నిలబెట్టాడు. పదో తరగతి అయిన పిల్ల. మూత తీయకముందే, స్టార్టరు మోత విని మూడు సిలిండర్లు పోయాయని చెప్పింది ఆ పిల్లే.

"నాలాగా ఈ జిడ్డులో పడకూడదు సార్. మీ దగ్గర చదివి మీ అంతది కావాల."

ఈ పిల్లను నీ దగ్గరే ఉంచుకోరా, నాకన్నా నువ్వే బాగా చెబుతావు అన్న మాట సారు గొంతు దాకా వచ్చింది. కాలేజీలో ఇంకా పదకొండు సీట్లు ఖాళీగా ఉన్నాయన్న సంగతి కూడా దాని వెనకే వచ్చింది. సారు సంతకం పెట్టారు.

జెబా ఇప్పుడు మూడో బెంచీలో కూర్చుంటోంది. పిల్ల దారిలో పడిందని, సందేహాలు అడగడం బాగా తగ్గిందని సారు ఫోను చేసి మెచ్చుకుంటే, నవీద్ సంతోషం పట్టలేక ఏడ్చాడట. సారును చూసి నవ్వుతున్న పాఠక మహాశయులు, తమ అమ్మాయిని నవీద్ షెడ్డుకు పంపుతారో, సారు క్లాసుకు పంపుతారో చెప్పి, ఆ తరువాత నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు.