మోకాలి కొలత

ఆ ఆదివారం పొద్దున్నే దర్జీ ఒక మంచిపని చేద్దామనుకున్నాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

భార్య పుట్టింటికి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి గులాబీలన్నీ తనే కత్తిరించి ఉంచుదామని ఆయన సరదా. మొక్కలమ్మే మనిషిని అడిగితే, గులాబీని మోకాలి ఎత్తుకు కత్తిరిస్తే విరగబూస్తుందన్నాడు. ఏ గులాబీని అని దర్జీ అడగలేదు. ఏళ్ళ తరబడి స్కూలు యూనిఫారాలు కుట్టిన మనిషికి కొలత ఒకటి దొరికితే చాలు. టేపుతో తన మోకాలు కొలుచుకుని, కాడకో పెద్దపువ్వు పూసేదాన్నీ, గుత్తులుగా పూసేదాన్నీ అక్కడికి తెగ్గోశాడు. చిట్టిగులాబీ మోకాలికి అందకపోతే కుండీని పీట మీద పెట్టి సరిచేశాడు. చివరికి ముందుగోడంతా అల్లుకున్న తీగగులాబీ వంతు వచ్చింది. ఈసారి పూలపోటీలో పక్కింటి పళ్ళడాక్టరును ఓడిస్తానని భార్య వీధంతా చెప్పుకున్నది ఆ తీగను చూసుకునే. దాన్నీ మోకాలికి దించాడు.

పళ్ళడాక్టరు మేడ మీంచి ఇదంతా చూశాడు. ఆయనకూ గోడనిండా తీగగులాబీ ఉంది, ఏటా దానికే బహుమతి. పోటీ ముందు ఎవరైనా ఊరికే తీగను నరుక్కుంటారా? అందులోనూ టేపు పెట్టి? ఇందులో ఏదో కిటుకుందని ఆయనకు రూఢి అయింది. కిందికొచ్చి, ఎంత ఎత్తుకని మాటవరసకు అడిగినట్టు అడిగాడు.

"మోకాలికి. వేలెడు కూడా పైకి ఉండకూడదు," అన్నాడు దర్జీ.

మధ్యాహ్నానికి డాక్టరు గోడ బోడి అయింది. డాక్టరంతటివాడు ఊరికే చెయ్యడని ఎదురింటివాళ్ళూ, వాళ్ళను చూసి మూలింటివాళ్ళూ కత్తెరలు అందుకున్నారు. సాయంత్రానికి వీధిలో గోడెక్కిన గులాబీ ఒక్కటీ మిగల్లేదు.

దీపాలు పెట్టేవేళ భార్య వచ్చింది. గోడను చూడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"పొదగులాబీలు కొత్త చిగుళ్ళ మీద పూస్తాయి, కత్తిరిస్తే మంచిదే. తీగగులాబీ పాత కొమ్మల మీదే పూస్తుందండీ. పూలైపోయేదాకా దానికి కత్తెర తగలనివ్వకూడదు. ఈ ఏడు ఇంక ఒక్క పువ్వు రాదు."

"కొలతలో తేడా ఉంటే చెప్పు," అన్నాడు దర్జీ తగ్గకుండా.

గోడవతల డాక్టరు ఆ మాటలన్నీ విన్నాడు. ఎదురింటివాళ్ళనూ మూలింటివాళ్ళనూ వెంటేసుకొచ్చి, తమ తీగలన్నీ ఈయన వల్లే నాశనమయ్యాయని, అందరిముందూ క్షమాపణ చెప్పాలని నిలదీశాడు.

ఒక్క నిమిషం క్రితం మొగుణ్ణి నమిలేద్దామనుకున్న మనిషి గేటుకు అడ్డంగా నిలబడింది.

"మా తీగ, మా కత్తెర, మా ఇష్టం. మీ మొక్కను మా ఆయన ముట్టుకున్నారా? చూసి కాపీ కొట్టింది మీరు, క్షమాపణ మేం చెప్పాలా? చెప్పం. వచ్చే ఏడు ఇదే గోడనిండా పూయిస్తాను, వచ్చి చూసుకోండి."

డాక్టరు వెనుదిరిగాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. దర్జీ ఛాతీ విరుచుకుని ఏదో అనబోయాడు గానీ, ఆమె చూసిన చూపుకు గప్‌చుప్‌గా లోపలికి నడిచాడు.

ఆ ఏడు బహుమతి వెనకవీధికి పోయింది. ఆ వీధిలో దర్జీ లేడు.